మంట మొదలైందా, మొదలుపెట్టారా?

అనువాదం పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఏ డిక్షనరీ కొనాలని. ఏదైనా కొనుక్కోండి అంటాను. డిక్షనరీలో మాట దొరకక నేను చేసిన తప్పులు చాలా తక్కువ. రెండు ఇంగ్లీషు మాటలకు ఒకే తెలుగు మాట దొరికినప్పుడు, ఆ రెండూ ఒకటేననుకుని ముందుకు పోవడం వల్ల చేసినవే ఎక్కువ. బిగిన్ అన్నా, స్టార్ట్ అన్నా డిక్షనరీలో ‘మొదలుపెట్టు, ప్రారంభించు’ అనే ఉంటుంది. ఈ రెంటి మధ్య తేడా పట్టుకోవడానికి నాకు దాదాపు ఇరవై ఏళ్ళ ఉద్యోగం పట్టింది. అందువల్ల దెబ్బ తిన్నది నేను కాదు. ధర్మవరంలో పట్టుకు రంగులద్దే ఒక మనిషి.

పని ఏమిటంటే

మాది హిందూపురంలో కిరాణా అంగడి నడిపే ఇల్లు. ఇంట్లో తెలుగు, అంగట్లో సగం కన్నడం. మడకశిర వైపు నుంచి వచ్చిన రైతుతో నాయన కన్నడంలో బేరం చేస్తూనే, పక్కన నిలబడ్డ ఆమెకు అదే సరుకు గురించి తెలుగులో చెప్పేవాడు. రెండు భాషల మధ్య నిలబడడం నాకు చదువు కంటే ముందు అలవాటైంది. ఇంగ్లీషు ఎం.ఏ. దూరవిద్యలో చదివాను. టైపిస్టుగా చేరి, అనువాదకురాలినయ్యాను.

కథలూ నవలలూ నేనెప్పుడూ అనువదించలేదు. నా దగ్గరికి వచ్చినవి ఫిర్యాదులు, వాంగ్మూలాలు, భూమి కాగితాలు, అద్దె ఒప్పందాలు, ఆసుపత్రి చీటీలు, వీలునామాలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం లాయర్లు పంపేవాళ్ళు. వీటిని చదివి ఎవరూ ఆనందించరు. చదివినవాళ్ళు ఏదో ఒక నిర్ణయం తీసుకుంటారు, అంతే. అందుకే ఈ పనిలో అందంగా రాయాలన్న కోరిక ప్రమాదం. అది ఎంత ప్రమాదమో తర్వాత చెబుతాను.

మూత తెరిచా, మూసా?

ముందు చిన్న సంగతి. ఇది ఇటీవలిది.

ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల చిన్న చిన్న యూనిట్లు వెలిశాయి. అందులో ఒక యూనిట్‌వాళ్ళు యంత్రం పక్కన అంటించే సూచనల కాగితాన్ని ఫోనులో తెలుగు చేయించుకుని, ‘ఒకసారి చూసిపెట్టండి మేడం’ అని నాకు పంపారు. నేను చూసి ఊరుకోలేదు. ఆ యంత్రం మీద పనిచేసేవాళ్ళకు చదివి వినిపిస్తానన్నాను. ఓబులదేవరచెరువు నుంచి వచ్చి పనిచేసే లక్ష్మీదేవి అనే అమ్మాయి ముందు కూర్చుంది. నేను చదివాను: “మొదలుపెట్టే ముందు మూత తెరిచి దుమ్ము తుడవాలి. మూత మూసేవరకు మొదలుపెట్టరాదు.”

ఆమె నవ్వింది. “మూత తెరిచి మొదలుపెట్టాల్నా, మూసి మొదలుపెట్టాల్నా మేడం? రెండూ చెప్తాండారు.”

ఇంగ్లీషు కాగితంలో గందరగోళం లేదు. మొదటి వాక్యంలో ఉన్నది బిగిన్, అంటే ఆ పూట పనికి పూనుకోవడం. రెండో వాక్యంలో ఉన్నది స్టార్ట్, అంటే యంత్రాన్ని కదిలించడం. ఫోను రెంటికీ ఒకే తెలుగు మాట వేసింది. నేను ‘పనిలోకి దిగే ముందు’ అనీ, ‘మిషను ఆన్ చేయరాదు’ అనీ మార్చాను. లక్ష్మీదేవికి మళ్ళీ చదివాను. “ఇప్పుడు తెలుస్తాండాది” అంది.

చాలాచోట్ల ఈ రెండు మాటలూ ఒకదాని స్థానంలో ఒకటి వస్తాయి. వాన బిగిన్ కావచ్చు, స్టార్ట్ కావచ్చు. ఎవరికీ నష్టం లేదు. కానీ ఇంజనును ఎవరూ బిగిన్ చేయరు, స్టార్టే చేస్తారు. ప్రయాణానికి ఆరింటికి బయలుదేరడం కూడా స్టార్టే. స్టార్ట్‌లో ఒక కుదుపు ఉంది, ఆగి ఉన్నదాన్ని కదిలించడం ఉంది. అందుకే ఆ మాట వినగానే కదిలించింది ఎవరన్న ప్రశ్న తొందరగా వస్తుంది. బిగిన్ నెమ్మదైన మాట. పాఠం, ఉపన్యాసం, చీకటి పడడం లాంటివాటికి బాగా సరిపోతుంది. మన ఇళ్ళలోకి కూడా స్టార్టే వచ్చింది. బండి స్టార్ట్ కాలేదంటాం గాని బిగిన్ కాలేదని ఎవరూ అనరు.

మన తెలుగులో ఈ సంగతి ఇంకా తేటగా ఉంది. ‘మొదలైంది’ అంటే దానంతట అది. ‘మొదలుపెట్టారు’ అంటే వెనక ఒక మనిషి ఉన్నాడు. ఇంత తేటగా ఉన్న తెలుగును ఇంగ్లీషులోకి తీసుకుపోతూ చెడగొట్టినదాన్ని నేను. లక్ష్మీదేవికి కాగితం చదివి వినిపించే జాగ్రత్త ఆ తర్వాత వచ్చిందే.

శేషగిరి సారు

హిందూపురంలో శేషగిరి సారు టైపింగు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. అనువాదాలు కూడా అక్కడే చేయించేవారు. నాకు పని నేర్పింది ఆయనే. ఇంగ్లీషు వ్యాకరణంలో ఆయనకు తెలియనిది నాకు కనిపించలేదు. టైపు మిషను ముందు వీపు వంచి కూర్చుంటే స్కేలుతో బల్ల మీద కొట్టేవారు. నేను జ్వరంతో పడి ఉన్న నెలలో ఒక్క రోజు జీతం తగ్గించలేదు. ఇదంతా నిజం.

ఆయన లోపం ఒక్కటే. ఇంగ్లీషు గంభీరంగా ఉంటేనే చదివేవాళ్ళు గౌరవిస్తారని నమ్మేవారు. చిన్న మాట కనిపిస్తే పెద్దది చేసేవారు. ఒక అవ్వ ‘కాలు నొప్పి’ అంటే ఆయన చేతిలో అది తీవ్రమైన బాధ అయ్యేది. రైతు ‘అడిగినాను’ అంటే ‘డిమాండు చేశాను’ అయ్యేది. లాయర్లు మెచ్చుకునేవాళ్ళు. నేనూ మెచ్చుకున్నాను. నా రాత కూడా అలాగే తయారైంది.

ధర్మవరం నుంచి వచ్చిన కాగితం

ధర్మవరంలో వెంకటేశు అనే నేతగాడి ఇల్లు, నాగరాజు అనే అద్దకంవాని షెడ్డు ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. ఒక మధ్యాహ్నం షెడ్డులో మంట లేచి, రేకుల కప్పు కిందుగా పాకి వెంకటేశు మగ్గాలకు అంటుకుంది. వెంకటేశు తల్లి ఓబులమ్మ వెనక గదిలో రాట్నం మీద కండెలకు పట్టుదారం చుడుతూ ఉండింది. ఆమె ఎడమ చెయ్యి కాలింది.

మగ్గాలకు ఇన్సూరెన్సు ఉంది. ఆ కంపెనీ ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉంది. చూసినవాళ్ళ వాంగ్మూలం ఇంగ్లీషులో కావాలన్నారు. చూసింది ఓబులమ్మ ఒక్కతే. ఆమె చెప్పగా కొడుకు రాసిన కాగితం నా బల్ల మీదికి వచ్చింది. నాలుగు వాక్యాలు: “అన్నం తిని కండెలు చుడుతూ ఉన్నాను. నాగరాజు షెడ్డులో మంట మొదలైంది. అది మా కప్పుకు అంటుకుంది. నన్ను బయటికి తెచ్చినారు.”

నేను రెండో వాక్యాన్ని ‘ది ఫైర్ బిగాన్’ అని రాశాను. సారు చదివి ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

“బిగాన్ అంటే చిన్నపిల్లోళ్ళ ఇంగ్లీషమ్మా. స్టార్టెడ్ అను. ముందర ఒక వాజ్ పెట్టు. అఫీషియల్‌గా ఉంటాది.”

‘ది ఫైర్ వాజ్ స్టార్టెడ్ ఇన్ నాగరాజూస్ షెడ్’ అయింది. తప్పు స్టార్ట్ అన్న మాట ఒక్కదానిదే కాదు. వాజ్ లేకుండా స్టార్టెడ్ అని ఉన్నా గండం గడిచేది. ఆ రెండూ కలిస్తే మంటను ఎవరో పెట్టారని అర్థం. అది నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా చూడలేదు. అప్పటికి నేను కొత్తదాన్ని కాను, నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉండేది అందుకే. ‘ఇది నిజమైన అనువాదం’ అన్న వాక్యం కింద సంతకం పెట్టాను. సారు సీలు వేశారు.

“ఆ మాట యాడ ఉండాది?”

రెండు నెలలు దాటాక ఒక నడివయసు మనిషి ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. గోళ్ళ చుట్టూ నీలం రంగు ఇంకిపోయి ఉంది. రెండు కాగితాలు నా ముందు పెట్టాడు. ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు.

“మేడమ్మా, ఈ సంతకం మీదేనా?”

“నాదే.”

“నేను నాగరాజును. మంట పెట్టినారని రాసినారంట. పెనుకొండలో మా లాయరు చదివి చెప్పినాడు. ఈ తెలుగు కాగితంలో ఆ మాట యాడ ఉండాదో సూపించండి.”

వెతకాల్సిన పని లేదు. ఆ మాట అందులో లేదు. “మీరు పెట్టినారని రాయలేదు. మీ షెడ్డులో ఎవరో పెట్టినట్టు వస్తాది” అన్నాను.

“నా షెడ్డులో నేను గాక ఎవురు పెడతారు మేడమ్మా?”



జరిగింది ఆయన నింపాదిగా చెప్పాడు. ఇన్సూరెన్సు సర్వేయరు ఇంగ్లీషు కాగితం చదివి, ‘మంట పెట్టింది ఎవరు?’ అని రాతపూర్వకంగా అడిగాడు. పోలీసులు నాగరాజును మూడుసార్లు పిలిపించారు. ఎవరో ఆ ఇంగ్లీషు పేజీని ఫోటో తీసి వీధిలో వాట్సాప్‌లో తిప్పారు. పట్టు ఇచ్చే షావుకార్లు ఒక్కొక్కరే తమ సరుకు వెనక్కి తీసుకుపోయారు.

“ఎదురుపడితే మాట్లాడ్తారు. ఏమప్పా, బాగుండావా అంటారు. పట్టు మాత్రం ఇయ్యరు. మంట అంటుపెట్టేవానికి ఎవురిస్తారు?”

నేను సారు గదిలోకి పోయి, తప్పును ఒప్పుకుంటూ సవరణ పంపాలని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“సీలు వేసిన కాగితం మనమే తప్పని రాస్తే, రేపు ఏ లాయరు మన కాగితం నమ్ముతాడు? ఒక్క మాట కోసం ఇన్‌స్టిట్యూట్ మూసుకోమంటావా? ఇంకోచోట రాయించుకోమను ఆయప్పను.”

“సంతకం నాది సార్.”

“సీలు నాది” అన్నారు.

మరునాడు ఉదయం నేను ధర్మవరం రైలెక్కాను.

అవ్వ చెప్పింది

ఓబులమ్మ ఇంట్లో కాలిన మగ్గాలు తీసేసి ఉన్నాయి. ఒక్క మగ్గం కొత్తగా వేసుకున్నారు. వెంకటేశు నన్ను కూర్చోమన్నాడు గాని సవరణ అనగానే ముఖం మార్చాడు.

“ఇంగ్లీషులో అంత తేటగా ఉండాది కదమ్మా. ఊరికే రాస్తారా? మాకూ మొదట తెలీలేదు. కంపెనీవాళ్ళు అడిగినాకనే అనుమానం వచ్చింది.”

లోపలి నుంచి అవ్వ అరిచింది. “చెప్పింది నేను రా నాయనా! నన్ను ఇడిచిపెట్టి కాగితాన్ని అడుగుతాండావు.”

ఆ మాట నేను చాలామంది కుర్రవాళ్ళకు చెప్పాను. తల్లి ఎదురుగా కూర్చుని తెలుగులో చెబుతూ ఉన్నా, కొడుకు ఇంగ్లీషు కాగితాన్నే నమ్మాడు. ఇంగ్లీషులో ఉన్నదానికి మన ఊళ్ళలో అంత బలం ఉంది. ఆ బలం మన చేతుల్లో పెడతారు.

నేను అవ్వ దగ్గర కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాను. ఈసారి ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాసుకున్నాను.

“ఎవురైనా మంట పెట్టేది చూసినావా అవ్వా?”

“షెడ్డుకు తాళం ఏసుండె. లోపల మనిషి లేడు. సందులో నుంచి పొగ వచ్చె, ఆమీట మంట లేచె. ఎట్ల లేచిందో నాకేం తెలుసు?”

“నిన్ను బయటికి తెచ్చింది ఎవురు?”

“నాగరాజే. యాడుండెనో, ఉరుక్కుంటా వచ్చినాడు. తాళం తీసినాడు. పట్టు మోపు బయటికి మోసినాడు. మళ్ళా పోయి ఇంకో మోపు మోసినాడు. నేను కేకలేస్తానే ఉండా. ఆమీట ఈ పక్క వచ్చి నన్ను ఎత్తుకుని బయటికి తెచ్చినాడు.” నా చేతిలో కాగితం వైపు చూపించి, “అదంతా రాయి” అంది.

వెంకటేశు ఈ మాట ముందు విననట్టుంది. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

రాసినది చదివి వినిపించాను. ఆమె వేలిముద్ర వేసింది. నాగరాజు వీధి చివర నా కోసం కాచుకుని ఉన్నాడు. విషయం చెప్పగానే ముఖం పాలిపోయింది.

“నన్ను ఎత్తుకొచ్చినాడని మాత్రం రాయండి మేడమ్మా. పట్టు సంగతి ఎందుకు? ఆమె లోపలుండాదని నాకు తెలీదు. ఆ పట్టు నాది కాదు, షావుకార్లది. అది కాలిపోతే నేను బతికేదెట్ల?”

“ఆమె కేకలేసిందంటాంది.”

“మంట సప్పుడులో నాకు వినపల్యా.”

ఆయన అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలేదు. అవ్వ చెబుతున్నదీ అబద్ధం కాదు. ఆయనకు నేనే కీడు చేశాను కాబట్టి, పట్టు మోసిన ఆ రెండు వాక్యాలు తీసేస్తే బాకీ తీరినట్టుంటుందని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ ఒకసారి మాటను బరువు చేసి ఇంత దూరం తెచ్చాను. ఇప్పుడు తేలిక చేస్తే అదీ ఆ తప్పుకే ఇంకో పక్క. “మీకు వినపడలేదన్నది మీ వాంగ్మూలంలో మీరు చెప్పండి. అదీ నేనే ఇంగ్లీషులో రాస్తాను. ఆమె చెప్పిందాన్ని మాత్రం నేను ముట్టుకోను” అన్నాను.  ఆయన పక్కింటి మెట్టు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.

సర్వేయరు

లాయరు కబురు పెడితే పెనుకొండలో ఆయన ఆఫీసుకు ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చాడు. తెలుగు రాని మనిషి. నేను రెండు కొత్త వాంగ్మూలాలతో పాటు ఒక ఉత్తరం ఇచ్చాను. మొదటి అనువాదంలో ఫలానా వాక్యం తప్పు, మూలంలో మంట మొదలైందని మాత్రమే ఉంది, తప్పు నాది అని అందులో రాశాను. సారు పేరు రాయలేదు.

ఆయన రెండుసార్లు చదివి, బిగిన్‌కూ స్టార్ట్‌కూ పెద్ద తేడా ఏముందని ఇంగ్లీషులోనే అడిగాడు. మంట బిగిన్ అయిందంటే మీరు కారణం కోసం వెతికేవాళ్ళు, వాజ్ స్టార్టెడ్ అన్నందుకు మనిషి కోసం వెతికారు అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. “మీరు రాసిందే నేను చదివాను” అన్నాడు. నిజమే. ఆయన చదవడంలో తప్పు లేదు.

సోమవారం ఇన్‌స్టిట్యూట్‌కు పోతే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉన్నారు. సారు తలెత్తలేదు. నేను పెనుకొండలో ఒక లాయరు వరండాలో బల్ల వేసుకున్నాను. మొదట్లో పని తక్కువ. తర్వాత సరిపోయేంత వచ్చింది. దీన్ని త్యాగంగా చెప్పుకోవడం నాకిష్టం లేదు. నాగరాజు రావడం వల్ల ఆ తప్పు బయటపడింది. రాని మనుషుల కాగితాలు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు.

ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. క్రియ కనిపించిన ప్రతిచోటా ఆ పని ఎవరు చేశారో మూలంలో ఉందా అని చూడండి. లేకపోతే మీరు ఎవరినీ తెచ్చి పెట్టకండి. ఉంటే మీరు దాచకండి. మీ యజమాని ఇంగ్లీషు మీకన్నా గొప్పదైనా సరే, సంతకం ఎవరిదో గుర్తుపెట్టుకోండి.

తర్వాత

మంటకు కారణం తెలియదని తేల్చారు. పోలీసులు నాగరాజును మళ్ళీ పిలవలేదు. వెంకటేశుకు మగ్గాల తాలూకు ఇన్సూరెన్సు వచ్చింది. నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. అవ్వ రెండో వాంగ్మూలం కూడా వాట్సాప్‌లో తిరిగింది. తీసేయమని నాగరాజు బతిమాలిన ఆ రెండు వాక్యాలు చదివి షావుకార్లు తిరిగి వచ్చారు. ‘మంటల్లో కూడా మన సరుకు ముందు తీసినాడు’ అని మునుపటి కంటే ఎక్కువ పట్టు ఇచ్చారు. అవే రెండు వాక్యాల వల్ల వెంకటేశు నాగరాజుతో మాట్లాడడం మానేశాడు.

ఏడాది తర్వాత వేరే పని మీద ధర్మవరం పోయినప్పుడు ఓబులమ్మను చూడడానికి వెళ్ళాను. ఎడమ చేతి వేళ్ళు మూడు వంగడం లేదు. కుడి చేత్తోనే రాట్నం తిప్పుతూ, కాలిన చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య దారం పట్టుకుని కండె చుడుతూ ఉంది. నాగరాజు గురించి అడిగాను.

“దినామూ ఈ గడప ముందర నుంచే పోతాడు. తలెత్తడు. మావాడు ఉంటే నేనూ పలకను. లేనప్పుడు, ఏమప్పా, తిన్యావా అంటా. ఆఁ అంటాడు, పోతాడు.”

“ఆ పట్టు మాట నేను రాయకుండా ఉండింటే బాగుండునా అవ్వా?”

ఆమె రాట్నం ఆపింది.

“నేను చెప్పకుండా ఉండింటే బాగుండునేమో. చెప్పినాక నువ్వు రాయకుండా ఎట్ల ఉంటావు?” అని మళ్ళీ తిప్పసాగింది.